పట్టా మీద ఆమె పేరు: బస్తీలో ఇళ్ల కోసం మహిళా సంఘం కట్టే పద్ధతి

తహసీల్దార్ కార్యాలయంలో ఇంటి స్థలానికి అర్జీ ఇవ్వబోతే బల్ల అవతలి మనిషి మొదట అడిగేది "యజమాని పేరు చెప్పమ్మా" అని. ఇల్లు నడిపే మనిషి ఎదురుగానే నిలబడి ఉంటుంది. ఆమె మాత్రం వెనక్కి తిరిగి, గుమ్మం బయట ఉన్న భర్త వైపు చూస్తుంది. ఆ చూపుతోనే ఫారంలో పేరు పడిపోతుంది. పదేళ్ల తర్వాత అతను వదిలేసి వెళ్లిపోయినా, ఇల్లు తాకట్టు పెట్టినా, చూపించుకోవడానికి ఆమె దగ్గర కాగితం ముక్క ఉండదు.

బస్తీలో ఇళ్ల కోసం సంఘం కట్టాలనుకుంటే ధర్నా సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు బస్తీ లెక్క రాయండి. ఆ లెక్క ఆడవాళ్లే రాయాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఇళ్లు కూలుస్తామన్న నోటీసు గోడ మీద పడ్డాక సంఘం పెడతారు, పేర్లు అప్పటికప్పుడు రాస్తారు. ఆ జాబితాలో సగం పేర్లు తప్పుతాయి. తప్పిపోయే సగంలో ఎక్కువమంది ఆడవాళ్లే.

కూర్చునే చోటు, కూర్చునే వేళ

మొదటి సమావేశం గుడిలో పెడితే కొందరు రారు, చర్చిలో పెడితే ఇంకొందరు రారు, పార్టీ ఆఫీసులో పెడితే సగం బస్తీ రాదు. స్థానిక నాయకుడి వరండా చల్లగానే ఉంటుంది గానీ అక్కడ ఎవరూ నోరు విప్పరు. అంగన్‌వాడీ గది సాయంత్రం ఖాళీగా ఉంటుందేమో అడగండి. లేదంటే కుళాయి దగ్గరి చెట్టు నీడ చాలు. బిందెలు వరుసలో పెట్టుకుని ఎలాగూ రోజూ అక్కడ నిలబడేవాళ్లే.

వేళ ఇంకా ముఖ్యం. ఇళ్లలో పనికి వెళ్లేవాళ్లు తెల్లవారుతూనే బయల్దేరి ఏ ఒంటిగంటకో తిరిగొస్తారు. నాలుగింటికి మళ్లీ గిన్నెల పని ఉంటుంది. అడ్డా మీద నిలబడే కూలీలు చీకటి పడితే గానీ ఇల్లు చేరరు. ఆదివారం అందరికీ తీరిక అనుకుంటాం గానీ, ఇంటి పని చేసేవాళ్లకు ఆదివారం అంటే యజమానుల ఇళ్లలో చుట్టాలు, రెట్టింపు అంట్లు. అందుకని మధ్యాహ్నం రెండున్నరకు ఒకటి, రాత్రి ఎనిమిదిన్నరకు ఒకటి పెట్టి, రెండుచోట్లా అదే విషయం మాట్లాడండి. నీళ్లు వదిలే సమయం మాత్రం కనుక్కుని దాన్ని తప్పించండి.

కుర్చీలు వేయకండి. నాలుగు కుర్చీలుంటే నలుగురు మగవాళ్లు వచ్చి కూర్చుంటారు, ఆడవాళ్లు గోడ పక్కన నిలబడిపోతారు. అందరికీ చాపలే. మగవాళ్లను రావద్దనాల్సిన పనేమీ లేదు, ఇల్లు వాళ్లకూ కావాలి. మొదటి అరగంట ఆడవాళ్లే మాట్లాడాలన్న నియమం పెడితే చాలు. తొలి వారాల్లో ఆ అరగంటలో సగం మౌనంగానే గడుస్తుంది. ఆ ఖాళీని మీ ఉపన్యాసంతో నింపకండి. మూడోసారికో నాలుగోసారికో ఎవరో ఒకావిడ "మరి మా సంగతేమిటి?" అంటుంది. మీ సంఘం అప్పుడు పుట్టినట్టు.

ఉన్న సంఘాలను కాదనకండి

మన పట్టణాల్లో పొదుపు సంఘం లేని బస్తీ అరుదు. 2007లో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా ఏర్పడినప్పటి నుంచి పదేసి మందితో సంఘాలు, వాటి మీద బస్తీ సమాఖ్య, ఆ పైన పట్టణ సమాఖ్య ఉన్నాయి. లెక్క రాయగలిగినవాళ్లు, బ్యాంకు మేనేజర్‌తో మాట్లాడగలిగినవాళ్లు అక్కడ ముందే తయారై ఉన్నారు. వాళ్లను కలుపుకోండి. పోటీ సంఘం అన్న మాట రానివ్వకండి.

అయితే ఆ సంఘాల్లో లేనివాళ్ల కోసం ప్రత్యేకంగా తిరగాలి. వాయిదా కట్టలేక మానేసినవాళ్లు, అద్దెకు ఉంటున్నవాళ్లు, ఒడిశా నుంచో పాలమూరు నుంచో వలస వచ్చినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు, ట్రాన్స్‌జెండర్ మహిళలు. ఇంటి అవసరం ఎక్కువ ఉన్నదీ వీళ్లకే, అందరి జాబితాల నుంచీ జారిపోయేదీ వీళ్లే.

డబ్బు సంగతి ఇక్కడే తేల్చుకోండి. "ఇల్లు ఇప్పిస్తాం" అని చెప్పి ఎవరి దగ్గరా రూపాయి తీసుకోకూడదు. జిరాక్సులకు, బస్సు చార్జీలకు ఇంటికి ఇంత అని వేసుకుంటే అప్పటికప్పుడు రశీదు ఇవ్వాలి, నెలాఖరుకు లెక్క గోడకు అంటించాలి. నేను పనిచేసిన ఒక బస్తీలో ఓ మధ్యవర్తి ఇంటింటికీ తిరిగి డబ్బు వసూలు చేసుకుని కనబడకుండా పోయాడు. ఆ తర్వాత రెండేళ్ల పాటు అక్కడ నోటు పుస్తకం పట్టుకుని ఎవరు కనిపించినా తలుపులు మూసుకునేవి.

ముగ్గుతో పటం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. బొంబాయి బైకుల్లా ప్రాంతంలో కాలిబాట మీద కాపురాలు పెట్టుకున్న కుటుంబాలను 1985లో స్పార్క్ అనే సంస్థ వాళ్ల తోడుతోనే లెక్క పెట్టింది. అప్పటిదాకా సర్కారు కాగితాల్లో వాళ్లు మనుషులుగా లేరు. ఆ పనిలో దిగిన ఆడవాళ్లే తర్వాత మహిళా మిలన్ అనే సంఘంగా ఏర్పడ్డారు. లెక్క మన చేతుల్లో ఉంటే అధికారితో మాట్లాడే తీరే మారిపోతుందని వాళ్లు చేసి చూపించారు.

మన దగ్గర దీనికి ముగ్గుపిండిని మించిన సాధనం లేదు. ఒక ఉదయం ఖాళీ స్థలం ఊడ్చి, నీళ్లు చల్లించి, రెండు కిలోల పిండి పెద్దవాళ్ల చేతుల్లో పెట్టండి. "మన బస్తీ వేయండి" అనండి, అంతే. వాళ్లు ముందు కుళాయి వేస్తారు, తర్వాత మురుగు కాలువ, ఆ తర్వాత సందులు. మగవాళ్లకు ఇస్తే పెద్ద రోడ్డు, ఆటో స్టాండు, నాయకుడి విగ్రహం దగ్గర మొదలుపెడతారు. రెండు పటాలూ వేయించి పక్కపక్కన పెట్టి చూడండి. వీధి దీపం వెలగని మలుపు, రాత్రిళ్లు ఆడపిల్లలు ఒంటరిగా వెళ్లని మరుగుదొడ్డి దారి ఆడవాళ్ల పటంలోనే దొరుకుతాయి.

ఒక్కో ఇంటికీ ఒక చింతగింజ పెట్టించండి. ఆడమనిషి సంపాదన మీదే నడిచే ఇంటికి వేరే గుర్తు పెట్టాలి. మొదట్లో మేము దానికి కుంకుమ వాడేవాళ్లం. ఒకచోట, భర్త పోయిన తన కూతురి ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఓ పెద్దావిడ చేయి గాలిలోనే ఆగిపోయింది. కాసేపటికి కుంకుమ భరిణె పక్కన పెట్టి, గోడ వారనున్న ఇటుక ముక్కను రాయితో దంచి ఆ పొడి వేసింది. అప్పటి నుంచి మేము ఇటుక పొడే వాడుతున్నాం. మీరూ అదే వాడండి.

పటాన్ని ఫోనులో ఫోటో తీసి, పెద్ద కాగితం మీదికి ఎక్కించి, తలుపులకు సుద్దముక్కతో అంకెలు వేయండి. అప్పుడు నోటు పుస్తకంతో ఇల్లిల్లూ తిరగాలి. ఇద్దరేసి వెళ్లాలి. ఇంటర్ చదివే అమ్మాయి రాస్తుంది, ఆ సందులో అందరినీ ఎరిగిన అత్తగారి వయసు మనిషి అడుగుతుంది.

"యజమాని ఎవరు?" అని అడగకండి. "ఈ తలుపు వెనక పొయ్యిలు ఎన్ని?" అని అడగండి. ఒకే రేకుల ఇంట్లో రెండు పొయ్యిలు ఉన్నాయంటే రెండు కుటుంబాలు. కొడుకు కాపురం ఒక వైపు, మెట్టినింటి నుంచి తిరిగొచ్చిన కూతురు పిల్లలతో ఇంకో వైపు. ప్రభుత్వ సర్వేలో ఆ కూతురు తండ్రి ఇంట్లో సభ్యురాలు, మీ పుస్తకంలో వేరే కుటుంబం. ఆమెకు ఇల్లు వస్తుందా రాదా అన్నది ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉండవచ్చు.

ఎప్పటి నుంచి ఉంటున్నారంటే చాలామందికి సంవత్సరం గుర్తుండదు. విశాఖలో హుద్‌హుద్‌కు ముందా తర్వాతా అని అడిగితే 2014 తేలిపోతుంది. విజయవాడలో బుడమేరు వరద అంటే 2024. పెద్ద పిల్ల ఏ గదిలో ఉండగా పుట్టిందో ప్రతి తల్లికీ తెలుసు. ఈ తేదీల కోసం ఓపిక పట్టండి. తెలంగాణలో ప్రభుత్వ స్థలాల్లో ఉంటున్న పేదలకు 125 గజాల లోపు క్రమబద్ధం చేయడానికి జీవో 58 వచ్చినప్పుడు మొదట 2014 జూన్ 2ను గడువు తేదీగా పెట్టారు. ఆ తేదీకి ముందు నుంచీ ఉన్నామని చూపే కాగితం ఉన్నవాళ్ల అర్జీకే అప్పుడు బలం ఉండేది.

ఆ కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో పుస్తకంలో ప్రత్యేకంగా ఒక గడి పెట్టి రాయండి. కరెంటు బిల్లు, ఇంటి పన్ను రశీదు సాధారణంగా అతని పేరున ఉంటాయి. పెళ్లై వచ్చిన అమ్మాయి ఆధార్‌లో ఇంకా పుట్టింటి చిరునామాయే ఉంటుంది. ఆమె పేరు దొరికేది పిల్లల టీకా కార్డులో, బడి రికార్డులో, గ్యాసు పుస్తకంలో, పొదుపు సంఘం పాసు పుస్తకంలో. వాటినే ఏరి జిరాక్సు తీయించండి. చిరునామా మార్పించాల్సినవాళ్లను ఒక జట్టుగా మీసేవకో, సచివాలయానికో, ఆధార్ కేంద్రానికో తీసుకెళ్లడం సంఘం చేయగల మొదటి పని. అప్పుడే అందరికీ నమ్మకం కుదురుతుంది.

ఆధార్ నంబర్లు మొత్తం రాసుకోవద్దు, చివరి నాలుగు అంకెలు చాలు. పుస్తకం పేజీలు వాట్సాప్‌లో పెట్టొద్దు. ఏ ఇంట్లో ఎవరు ఎవరిని కొడుతున్నారన్నది మీకు తెలిసినా పుస్తకంలోకి ఎక్కించొద్దు. పూర్తయిన జాబితాను మూడు సాయంత్రాలు అందరి ముందూ చదివి వినిపించండి. "ఆ ఇల్లు అతనిది కాదు, అద్దెకిచ్చాడు" అని అరుపులు లేస్తాయి. ఆ గొడవ చాప మీదే తీరాలి. అధికారి ముందు తేలితే జాబితా అంతా అనుమానంలో పడుతుంది.

భూమి ఎవరిదో తెలుసుకోవడం

మీరున్న చోటు రెవెన్యూ పోరంబోకా, మున్సిపాలిటీదా, రైల్వేదా, దేవాదాయ శాఖదా, వక్ఫ్ భూమా, కాలువ గట్టా అన్నది తెలియకుండా ఏమి కోరాలో తెలియదు. సర్వే నంబరు కనుక్కుని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. భూమి ఏ శాఖది, బస్తీని గుర్తించి నోటిఫై చేశారా, ఏదైనా ప్రాజెక్టుకు ప్రతిపాదించారా అని మూడే ప్రశ్నలు అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే పై అధికారికి అప్పీలు చేయాలి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు రుసుము లేదు. దరఖాస్తు ఒక ఆడమనిషి పేరుతోనే వేయండి. ఆమె పేరున ప్రభుత్వం నుంచి వచ్చే మొదటి ఉత్తరం అదే కావచ్చు.

రెవెన్యూ స్థలమైతే ఉన్నచోటే పట్టా అడగవచ్చు. కాలువ గట్టో, నది ఒడ్డో, రైలు పట్టాల పక్కో అయితే అక్కడే ఇస్తారన్న ఆశ చూపించకండి. ఆ మాట ముందే చెప్పడం కష్టమే, తర్వాత చెప్పడం ఇంకా కష్టం. అక్కడ మీ పోరాటమంతా ఎంత దగ్గరలో, ఎవరి పేరున ప్రత్యామ్నాయం ఇస్తారన్న దాని మీదే ఉండాలి.

అర్జీ

సోమవారాల్లో తెలంగాణ కలెక్టరేట్లలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటాయి. వందమంది వెళితే లోపలికి ఇద్దరినే పంపుతారు, ఆ ఇద్దరూ మగవాళ్లే అవుతారు. పదిమంది ఆడవాళ్లు వెళ్లండి. మాట్లాడేది ఎవరో, పటం పట్టుకునేది ఎవరో, రశీదు తీసుకునేది ఎవరో ముందు రోజు రాత్రే అనుకుని, ఒకసారి చాప మీద ఆడి చూసుకోండి. కలెక్టర్ వేషం వేయడానికి ఎవరో ఒక గడుసావిడ దొరుకుతుంది. అసలు కలెక్టర్ అడగని ప్రశ్నలు కూడా ఆమె అడుగుతుంది.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. ఇలా రాయవచ్చు:

"కలెక్టర్ గారికి, ఈ బస్తీలో 142 కుటుంబాలం ఉంటున్నాం. మేమే ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న జాబితా, పటం జతచేశాం. ఇందులో 37 ఇళ్లు ఆడవాళ్ల సంపాదన మీద నడుస్తున్నాయి. మా జాబితాను మీ సర్వేతో సరిచూడటానికి ఒక తేదీ ఇవ్వండి. ఆ రోజు మా సంఘం సభ్యులు వెంట ఉంటారు. పట్టా గానీ ఇల్లు గానీ మహిళ పేరున లేదా భార్యాభర్తల ఉమ్మడి పేరున ఇవ్వండి. వేరే పొయ్యి ఉన్న ఒంటరి మహిళను వేరే కుటుంబంగా లెక్కించండి."

అంకెలు మీవి వేసుకోండి. "న్యాయం చేయగలరు" అని ముగిస్తే ఫైలులోకి పోతుంది. తేదీ అడిగితే ఎవరో ఒకరు తేదీ చెప్పాల్సి వస్తుంది. నంబరున్న రశీదు చేతిలో పడకుండా కదలకండి.

మహిళ పేరు అడగడం గొంతెమ్మ కోరిక కాదని కూడా గుర్తు చేయండి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం 2015 నుంచీ ఇల్లు మహిళ పేరున లేదా ఉమ్మడిగా ఉండాలనే చెబుతోంది, ఇంట్లో వయసొచ్చిన ఆడమనిషి లేకపోతేనే మగవాడి పేరున. 2024లో మొదలైన రెండో దశలో వితంతువులు, ఒంటరి మహిళలు, ట్రాన్స్‌జెండర్లకు ప్రాధాన్యం ఇవ్వాలని ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్ 25న మొదలుపెట్టి సుమారు 30 లక్షల ఇంటి స్థలాల పట్టాలు ఆడవాళ్ల పేర్లనే ఇచ్చారు.

ఎంత ఇల్లు, ఎంత దూరం

ఆ పట్టాల అనుభవం నుంచే ఇంకో పాఠం. పట్టణాల్లో ఇచ్చింది సెంటు, అంటే 48 గజాల చిల్లర. చాలాచోట్ల అది ఊరికి దూరంగా ఉంది. పేరు ఆమెదే, కానీ ఆమె పనిచేసే మూడిళ్లూ నగరంలోనే ఉండిపోయాయి. కాబట్టి స్థలం చూపించగానే ఒప్పుకోకుండా నలుగురి రోజును కాగితం మీద పెట్టండి. మొదటి బస్సు ఎన్నింటికి, చార్జీ ఎంత, రాత్రి చివరి బస్సు దిగాక చీకట్లో ఎంత నడక, పిల్లను ఎక్కడ వదలాలి. నెలకు బస్సు చార్జీ ఒక ఇంటి జీతంతో సమానమైతే, ఆ లెక్క ఏ నినాదం కన్నా గట్టిగా మాట్లాడుతుంది.

ఇంటి కొలతను కూడా నేల మీద చూడాలి. 30 చదరపు మీటర్లంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. పద్దెనిమిది అడుగుల పొడవు, అంతే వెడల్పుతో ముగ్గు గీసి, లోపల ఒక నులక మంచం వేసి, పొయ్యి పెట్టి, నలుగురు నడిచి చూడండి. తలుపు ఎటు తెరుచుకోవాలో, మరుగుదొడ్డి వంటకు ఆనుకుని ఉండటం ఎందుకు కుదరదో అప్పుడు చెబుతారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం కట్టించిన నాలుగంతస్తుల టిడ్కో ఇళ్ల లాంటివి చూపిస్తే, ఇడ్లీ బండి నడిపే ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే ఉంటుంది: "బండి ఎక్కడ పెట్టను?" దానికి జవాబు రాతలో తీసుకోండి.

కూల్చివేత నోటీసు అంటిస్తే

నోటీసును గోడ మీద ఉండగానే ఫోటో తీయండి. తేదీ, సమయం, అంటించినవాళ్ల వివరం పుస్తకంలో రాయండి. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ముందస్తు నోటీసు లేకుండా, జవాబు చెప్పుకోవడానికి కనీసం 15 రోజుల గడువు ఇవ్వకుండా కట్టడాలు కూల్చకూడదు. అయితే రోడ్డు, కాలిబాట, రైలు పట్టాల పక్కన, నదులు, చెరువుల్లో ఉన్న అనధికార కట్టడాలకు ఈ రక్షణ వర్తించదని అందులోనే ఉంది. అక్కడ ఉన్నవాళ్లు ఇంకా తొందరగా కోర్టుకు వెళ్లాలి. 1985లో, బొంబాయి కాలిబాట కాపురాల తొలగింపు మీద నడిచిన ఓల్గా టెల్లిస్ కేసులో జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు చెప్పింది గానీ, కాలిబాట మీద శాశ్వతంగా ఉండే హక్కు ఉందనలేదు. లాయర్ మీకు రెండూ చెప్పాలి.

లాయర్ ఫీజు గురించి భయపడి ఆగిపోవద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి మహిళకూ ఉచిత న్యాయ సహాయం అందాలి. న్యాయ సహాయ నంబరు 15100కు ఫోను చేయవచ్చు, కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు నేరుగా వెళ్లవచ్చు. అందుకే కేసు ఆడవాళ్ల పేర్లతో వేయడం అన్ని విధాలా మంచిది.

పేరు పడ్డాక

పట్టా వచ్చిన రోజు స్వీట్లు పంచుతారు. మర్నాటి నుంచి అసలు ఒత్తిడి మొదలవుతుంది. "నీ పేరు ఉంటే ఏమిటి, కాగితం నా దగ్గర పెట్టు" అని అతనో, అత్తగారో అంటారు. అసలు పట్టాను ఆమె ఖాతా ఉన్న బ్యాంకు లాకర్లోనో, నమ్మకమైన పుట్టింటివాళ్ల దగ్గరో దాచమనండి. ఒక ధ్రువీకరించిన నకలు సంఘం పెట్టెలో ఉంచండి. అమ్మకం గురించి పట్టా మీద ఉన్న షరతులను సమావేశంలో గట్టిగా చదివి వినిపించండి. తాకట్టు వ్యాపారి ఆ వాక్యాలను ఎవరికీ చదివి వినిపించడు.

పట్టా అతని పేరునే ఉండిపోయిన ఇళ్లు కూడా ఉంటాయి. ఆ ఇంటి ఆడమనిషిని గెంటేయబోతే, 2005 గృహహింస చట్టం ప్రకారం ఇల్లు ఎవరి పేరున ఉన్నా కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు ఆమెకు ఉంది. మేజిస్ట్రేట్ నివాస ఉత్తర్వు ఇవ్వగలరు. మహిళల సహాయ నంబరు 181, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం చిరునామా కుళాయి దగ్గర గోడ మీద పెయింటుతో రాయించండి. సంఘం అంటే ఇళ్ల సంఘమేనని, ఇలాంటివి ఇంటి గొడవలని ఎవరైనా అంటే, ఆ మనిషి రాత్రి ఎక్కడ పడుకుంటుందన్నదే ఇళ్ల సమస్య అని చెప్పండి.

నాయకత్వం ఏడాదికోసారి మారాలి, సంతకాలు పెట్టేవాళ్లు ఇద్దరుండాలి, ఆ ఇద్దరూ ఒకే సందు వాళ్లు కాకూడదు. ఎన్నికల ముందు ఏ జెండా కిందికీ సంఘం పేరుతో వెళ్లకూడదు. ఎవరికి వారు వెళ్తే అది వాళ్లిష్టం.

ఇళ్లలో చేరిన ఆరు నెలలకు పాత నోటు పుస్తకం తీసుకుని మళ్లీ ఇల్లిల్లూ తిరగండి. పట్టా మీద పేరున్న ఆమె ఆ ఇంట్లోనే ఉంటోందా, అద్దెకిచ్చేశారా, తాళం వేసి ఉందా అన్నది ఎర్ర సిరాతో పక్కన రాయండి. అంకెలు పాతవే ఉంచండి, తలుపులు మారినా సరే.